సర్వరు గదికి రాజుగారి కాపలా

అనగనగా, రాజులు కూడా కంప్యూటర్లను నమ్ముకున్న కాలంలో, సముద్రం నడుమ ఒక ద్వీపరాజ్యం ఉండేది. దాన్ని కుముదసేనుడు ఏలేవాడు. మనసు చెడ్డది కాదు గాని, మనిషికి అనుమానం జాస్తి. వంటవాడు నవ్వితే ఎందుకు నవ్వాడంటాడు, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదంటాడు.

కోటలో ఒక పెద్ద సర్వరు ఉండేది. తుపాను వస్తోందంటే ముందే పసిగట్టి, పడవల్లోని జాలరులకు కబురు పంపేది. దాని బాగోగులు వకుళ అనే ఇంజనీరు చూసుకునేది.

ఒకనాడు సర్వరు టక్కున ఆగిపోయింది. వకుళ చూసి, గోడకున్న ప్లగ్గు వదులైందనీ, బిగించాననీ చెప్పింది. రాజుకు ఆ మాట మింగుడుపడలేదు. ఇంత పెద్ద యంత్రం అంత చిన్న కారణానికి ఆగుతుందా? ఇది మంత్రి పనే అనుకున్నాడు. ఎవరు వచ్చినా కనబడేలా గది నిండా పెద్ద పెద్ద దీపాలు పెట్టించాడు.

కొన్నాళ్ళకు సర్వరు మళ్ళీ ఆగింది. ఈసారి అనుమానం సేనాపతి మీదికి పోయింది. మోటారుతో కదిలే ఇనుప తలుపు బిగించి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. లోపలికొచ్చి తీగలు చూస్తానని వకుళ అడిగినా రానివ్వలేదు. ఆమెను గుమ్మం బయటే నిలబెట్టి, ఆమె చెప్పినట్టు తానే మీటలు నొక్కి సర్వరును లేపాడు.

ఇక ఎవరినీ నమ్మేది లేదని, ఆసనం వేయించుకుని తానే ఆ గదిలో కాపలా కూర్చున్నాడు. ఉక్కపోస్తోందని పెద్ద కూలరు కూడా తెప్పించుకున్నాడు. కాసేపటికి, ఆయన రెప్ప వాల్చకుండా చూస్తుండగానే సర్వరు ఆరిపోయింది.

రాజు ఒళ్ళు మండిపోయింది. దూరాన ఉండి దీన్ని ఆపగలిగేది వకుళ ఒక్కతే అని తేల్చి, దేశం విడిచి పొమ్మన్నాడు. అప్పటికే తూర్పున ఆకాశం నల్లబడింది.

"వెళ్తాను ప్రభూ. కాని జాలరులు నడిసముద్రంలో ఉన్నారు. ఒక్కసారి లోపలికి రానివ్వండి. మీరు పక్కనే ఉండి నా చేతులు చూస్తూ ఉండండి," అంది వకుళ.

రాజు అయిష్టంగానే ఒప్పుకున్నాడు. లోపల అన్ని తీగలూ ఒకే బోర్డులో గుచ్చి ఉన్నాయి. ఆమె అన్నీ పీకి, సర్వరు ఒక్కదాన్నే ఉంచింది. సర్వరు లేచింది. ముందు పడవలకు కబురు వెళ్ళనిచ్చింది. తర్వాత రాజు చూస్తుండగా దీపాలు తగిలించింది, సర్వరు కాస్త తడబడింది. తలుపు మోటారు తగిలించింది, సర్వరు మీద ఎర్రలైటు వెలిగింది. కూలరు తగిలించింది, అంతా ఆరిపోయింది.

"దొరికింది దొంగ. ఒక్క బోర్డు మీద ఈ కరెంటు బరువంతా మోపిందెవరు?" అని గర్జించాడు రాజు.

మంత్రి నేల చూశాడు, సేనాపతి కప్పు చూశాడు. వకుళ మాత్రం రాజు కళ్ళలోకి చూసింది. రాజు ముఖం చిన్నబోయింది. వంగి తన కూలరు తీగను తానే పీకి, మంత్రినీ సేనాపతినీ వకుళనూ పేరుపేరునా క్షమాపణ అడిగాడు. తుపాను విరుచుకుపడేలోగా పడవలన్నీ ఒడ్డు చేరాయి.

చిన్న నిజాన్ని నమ్మనివాడు, పెద్ద ఆపదను తన చేతులతోనే తెచ్చుకుంటాడు.