నూకాలు గొట్టం దాటలేదు

కోరంగి మడ అడవి అంచున, పోటుకు మునిగి పాటుకు తేలే బురదమేట ఒకటుంది. అందులో నూకాలు, ఆమె మొగుడు అప్పన్న అనే రెండు సముద్రపు పురుగులు ఇసుకతో గొట్టాలు కట్టుకుని పక్కపక్కనే కాపురముండేవి. తలలు బయటపెట్టి కబుర్లాడుకోవడమే తప్ప గొట్టం దాటి ఎరగరు. దాటితే తినేవాళ్లు బోలెడుమంది.

ఒకరోజు గాలివాన వచ్చి అప్పన్న గొట్టాన్ని బురదతో కప్పేసింది. నూకాలు ఎంత పిలిచినా పలుకు లేదు.

అదే అదనుగా గరగయ్య అనే ముసలి పీత వచ్చి ఆమె గుమ్మం ముందు కూర్చున్నాడు.

"అప్పన్న పోయాడమ్మా. నా కళ్లతో చూశాను. నీ కడుపులో గుడ్లు పండాయి కదా, వాటి గతేమిటి?"

నూకాలు మీసాలు లోపలికి లాక్కుంది.

"అవతలి తిప్ప దగ్గర మగపురుగులన్నీ నీళ్లలోకి బీజం వదులుతున్నాయి. గుండ్రటి తల, సన్నటి తోక ఉన్న కణాలు. కాసేపు ఈది చచ్చిపోతాయి. తొందరగా బయటికి రా, నా వీపు మీద తీసుకెళ్లి దింపి వస్తాను."

గుడ్లు పండాక ఆగవు. ఆ దిగులుతో నూకాలు కాస్త ముందుకు జరిగింది కూడా. అంతలో తన ఒంట్లోని చిన్న సంచి గుర్తొచ్చి ఆగిపోయింది. గాలివానకు ముందే అప్పన్న తన బీజాన్ని మూటకట్టి నీళ్లలో వదిలితే, మీసాలతో అందుకుని అందులో దాచుకుంది.

"మావాళ్ల బీజం అలాంటిది కాదు మామా," అంది. "సూదిలాంటి పొడుగాటి తల ఉంటుంది. నా సంచిలో ఉన్నంతకాలం బతికే ఉంటుంది. ఆయనిచ్చింది నా దగ్గరే ఉంది."

"బుకాయించకు. అంత సన్నటిది ఇన్నాళ్లు ఎలా బతుకుతుంది?"

"నమ్మకపోతే కూర్చుని చూడు. ఇప్పుడే గుడ్లు పెడతాను."

ఎప్పటికైనా బయటికి రాక తప్పదులే అనుకుని గరగయ్య గొట్టంలోకి తొంగిచూస్తూ కూర్చున్నాడు. వెనక నీళ్లు తీసిన సంగతే గమనించలేదు. బురద తేలగానే పొడుగు ముక్కు ఉల్లంకి పిట్ట వచ్చి అతని కాలు పట్టుకుంది. ఆ కాలు దాని ముక్కుకే వదిలేసి, మిగిలిన కాళ్లతో మడవేళ్ల కిందికి పరుగెత్తాడు.

మళ్లీ పోటు వచ్చి బురద కరిగింది. పక్కనుంచి రెండు మీసాలు పైకి లేచాయి.

"నూకాలూ, ఉన్నావా?"

"ఉన్నాను. నువ్వు పోయావన్నాడు ఆ గరగయ్య."

"ఇప్పటిదాకా బురద తవ్వుతూనే ఉన్నాను. నీకేం కాలేదుగా?"

"ఏం కాలేదు. గుడ్లు పెట్టి గొట్టం గోడకు అంటించాను. అన్నీ నీ పిల్లలే."

ఇద్దరూ మీసాలు నీళ్లలో చాచి హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఎవరైనా భయపెట్టి తొందర చేస్తుంటే, అడుగు బయటపెట్టే ముందు మన దగ్గర ఏముందో చూసుకోవాలి.