మైలయ్య ఓడిన ఆట

గుండ్లమెట్ట అడవిలో జంతువులకి రెండే పండగలు. ఒకటి తొలి వాన పడిన రోజు. రెండోది, వానలు వెనకబట్టాక ఏటవతలి అడవిపందులతో బంతాట ఆడే రోజు.

బంతంటే తాటిపీచుతో గట్టిగా అల్లింది. దాన్ని కాళ్ళతోనో తలతోనో తోసుకుంటూ పోయి, అవతలివాళ్ళ వెనకున్న రెండు బండల మధ్య నుంచి దాటించాలి. గెలిచినవాళ్ళకి ఏటి నడుమ ఉన్న లంకలో పచ్చగడ్డి మేసే హక్కు వచ్చే ఆట దాకా ఉంటుంది. ఓడినవాళ్ళకి మెట్ట మీది ఎండు తుప్పలే గతి. అందుకని అక్కడ ఆటంటే ఉత్త సరదా కాదు, కడుపు సంగతి కూడా.

గుండ్లమెట్ట జట్టుకి ఆట నేర్పే గురువు మైలయ్య. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలున్న ముసలి ఎద్దు. కాడి మోసి మోసి మూపు కాయ కాసిపోయాక అడవికొచ్చి చేరాడు. ఆయన రాకముందు గుండ్లమెట్ట ఆట చూసి పందులు పొట్ట పట్టుకుని నవ్వేవి. జింక బంతి తీసుకుని పరిగెత్తేది కానీ బండలెటున్నాయో మరిచిపోయేది. కొండగొర్రె ఎదుటివాణ్ణి కుమ్మడంలో పడి బంతినే వదిలేసేది. ఎవరికి వారే యమునా తీరే.

మైలయ్య వచ్చిన మొదటి రోజే జట్టుకి ఒక మాట చెప్పాడు. "బంతి నీ కాలి దగ్గరుంటే నీది కాదు. నీ పక్కవాడిది. వాడికి ఇవ్వడం నేర్చుకో, తర్వాత పరుగు నేర్పుతాను."

అది ఒంటబట్టడానికి కొన్నేళ్ళు పట్టింది. ఒంటబట్టాక పందుల నవ్వు ఆగిపోయింది. వరసగా ఏటేటా లంక గుండ్లమెట్టదే అయింది. ఆ గడ్డి తిని పెరిగిన మేకపిల్లలు, జింకపిల్లలు ఓటమంటే ఏమిటో తెలియకుండానే పెద్దవయ్యాయి.

ఇక ఈ ఏడు ఓడిపోయారు. అదీ గెలిచే ఆట. ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా మైలయ్య తన జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తే కుందేలు దుర్గిని బయటికి పిలిచేశాడు. ఆమె స్థానంలో దిగిన ఉడుముకి బంతి ఎటు పోతోందో అంతుబట్టేలోపు పందులు దాన్ని బండలు దాటించేశాయి.

ఎందుకు పిలిచావని ఎందరడిగినా మైలయ్య ఒకటే జవాబు. "అప్పుడలా తోచింది."

దుర్గి కూడా నోరు విప్పలేదు.

ఆ వారంలోనే కొండవతల అడవి నుంచి కొందరొచ్చి మైలయ్యని బతిమాలారు. వాళ్ళ జట్టు ఆడిన ప్రతిచోటా ఓడిపోతోందట. నేర్పేవాళ్ళు లేరట. మైలయ్య కాసేపు నెమరు వేస్తూ ఆలోచించి, వస్తానన్నాడు.

గుండ్లమెట్ట భగ్గుమంది.

"ఓడగొట్టి పోతున్నాడు," అన్నారు కొందరు.

"ఇన్నేళ్ళు గెలిపించింది కనపడలేదా?" అన్నారు మరికొందరు.

అందరికంటే పెద్ద గొంతు ముత్తెమ్మది. ముత్తెమ్మ ముసలి మేక. మైలయ్య నడిపిన ఒక్క ఆట కూడా వదలకుండా గట్టు మీద నిలబడి చూసింది. చూడటమంటే మామూలుగా కాదు, మొదటి నుంచి చివరి దాకా మైలయ్యని తిడుతూనే చూసేది. "ఆ ఉడుముని దింపుతావేమయ్యా, నీ బుర్ర గడ్డి తింటోందా?" అనేది. గడ్డి తినేవాళ్ళందరూ నవ్వేవాళ్ళు.

ఈ గొడవంతా దూరం నుంచి వింటున్నవాడు చెంగల్రాయుడనే నక్క. ఆట గురువుకి అడవంతా వాటా పంపే ఆచారం ఉంది. కొండముచ్చులు పళ్ళు, కొంగలు చేపలు, నీటిపిల్లులు పీతలు. మైలయ్యకి గడ్డి తప్ప ఏదీ పట్టదు కాబట్టి అన్నీ పిల్లలకి పంచేసేవాడు. చెంగల్రాయుడికి ఆ పీతలు గుర్తొచ్చినప్పుడల్లా నోరూరేది. ఇన్నాళ్ళకి ఖాళీ వస్తోంది. అయితే మైలయ్య మంచి పేరుతో వెళితే, ఆయన దగ్గర ఆడినవాళ్ళలో ఒకరినే ఆ చోట కూర్చోబెడతారు. చెడ్డపేరుతో వెళితే, ఆ జట్టుతో సంబంధం లేని కొత్తవాడి కోసం వెతుకుతారు.

అందుకని పని మొదలుపెట్టాడు.

జింకల దగ్గరికెళ్ళి, "నేనేం అనను గానీ, గెలుస్తుండగా దుర్గిని ఎందుకు పిలిచినట్టు?" అన్నాడు.

కొండగొర్రెల దగ్గరికెళ్ళి, "నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఓడీ ఓడగానే కొత్త మేత ఎలా దొరికింది?" అన్నాడు.

రెండు రోజులు తిరిగేసరికి ఆ ప్రశ్నలే జవాబులై తిరిగొచ్చాయి. మైలయ్య ఆటని పందులకి అమ్ముకున్నాడట. అందుకు బదులుగా పందులే కొండవతల మంచి పచ్చిక చూపించాయట. అది విని కొందరు పిల్లలు మైలయ్య వెళ్ళే దారిలో ముళ్ళకంప వేశారు. మైలయ్య చూసి, కొమ్ముతో పక్కకి నెట్టి, వెళ్ళిపోయాడు.

నెల తిరిగేసరికి వీడ్కోలు రోజు వచ్చింది. మైదానం పక్కన అడవంతా చేరింది. పెద్దరికం ఎలుగుబంటి కోటప్పది. మైలయ్య మెడలో గంట మోగుతుండగా నెమ్మదిగా నడిచొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ చప్పట్లు కొట్టే కొండముచ్చులు చేతులు ముడుచుకుని కూర్చున్నాయి.

కోటప్ప గొంతు సవరించుకున్నాడు. "వెళ్ళేవాడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మన పద్ధతి. ఎవరు మొదలుపెడతారు?"

చెంగల్రాయుడు ముందుకొచ్చాడు. "పెద్దయ్యా, మంచి మాటలకేం, ఎన్నైనా చెప్పొచ్చు. కానీ రేపు మన పిల్లలు ఈయన్ని ఏమని గుర్తుపెట్టుకోవాలి? నిజం చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. ఆటకి ముందురోజు పొద్దున్నే రేవు దగ్గర ఈయన పందుల నాయకుడితో మాట్లాడటం నేను కళ్ళారా చూశాను."

ఒక్కసారిగా గోల లేచింది. దుర్గి లేవబోయింది. మైలయ్య ఆమెవైపు చూసి తల అడ్డంగా ఊపాడు. దుర్గి మళ్ళీ కూర్చుంది.

అప్పుడు ముత్తెమ్మ ముందుకొచ్చింది. మైలయ్యని తిట్టడానికే వస్తోందని అందరూ సర్దుకుని దారిచ్చారు.

"అబ్బాయ్ చెంగల్రాయుడూ, ఆ రోజు పొద్దున్న మంచు దట్టంగా పట్టింది కదా?"

"అవునత్తా. ఎదురుగా ఉన్న చెట్టు కనపడలేదు."

"మరి మైలయ్యేనని ఎలా పోల్చావు? ఏ దున్నో, కణుజో అయ్యుండొచ్చు కదా. వయసైపోతున్న వాడి మీద ఊరికే నింద వేస్తే తప్పు."

నక్క ఒక్క క్షణం తడబడ్డాడు.

ముత్తెమ్మ గొంతు తగ్గించింది. "నేనెందుకు అడుగుతున్నానంటే, నేనూ ఆ వేళకి రేవు దగ్గరలోనే ఉన్నాను. నాకేమీ కనపడలేదు గానీ, మెడగంట చప్పుడు మాత్రం వినిపించినట్టు లీలగా గుర్తు. నా చెవులు ముసలివి. నీకూ వినపడి ఉంటే చెప్పు, సాక్ష్యం గట్టిపడుతుంది."

చెంగల్రాయుడి మొహం వెలిగింది. మైలయ్య మెడవైపు ఒకసారి చూసి అన్నాడు, "గంటే అత్తా. ఆ గంట పట్టుకునే పోల్చాను. అడుగు వేసినప్పుడల్లా మోగింది. పంది ఏదో అడిగితే ఈయన తలూపాడు, అప్పుడూ మోగింది. ఇప్పుడు ఆ మెడలో ఉందే, అదే గంట."

వెనకెక్కడో ఒక కొండముచ్చు కిసుక్కున నవ్వింది. తర్వాత జింకలు. తర్వాత అందరూ.

నక్కకి ఏం జరిగిందో అర్థం కాలేదు. తెలియంది వాడొక్కడికే. గురువుగా వచ్చిన రోజే మైలయ్య ఆ గంట మెడలోంచి తీయించి, మైదానం పక్క చింతకొమ్మకి కట్టించాడు. ఇన్నేళ్ళూ పొద్దున్నే సాధనకి రమ్మని పిలిచింది ఆ గంటే. ఈ వీడ్కోలు రోజు ఉదయమే జట్టంతా కలిసి దాన్ని కొమ్మ నుంచి విప్పి, వెళుతున్న గురువు మెడలో తిరిగి కట్టింది. మైదానానికి ఒక్కసారి వచ్చినవాడెవడికైనా తెలిసిన సంగతి అది. చెంగల్రాయుడు మాత్రం పొద్దున్నే గంట వినపడితే ఎద్దు మేతకి పోతోందనుకుని అటు తిరిగి పడుకునేవాడు.

"అబద్ధమాడినా అతికినట్టుండాలిరా," అంది ముత్తెమ్మ. "నువ్వు ఒక్క పొద్దుటైనా ఈ గట్టు మీద నిలబడి ఉంటే ఇంత బోర్లా పడేవాడివి కాదు."

"నువ్వు మాత్రం ఆయన్ని తిట్టలేదా?" అన్నాడు నక్క ఉక్రోషంగా.

"తిట్టాను. వానలో తడుస్తూ తిట్టాను, ఎండలో మాడుతూ తిట్టాను. గెలిచినా తిట్టాను. చూసినదాన్ని కాబట్టి తిట్టాను. నువ్వెవడివి?"

ఈసారి దుర్గి ఆగలేదు. మైలయ్య మళ్ళీ తల ఊపినా చూడనట్టే లేచింది.

"ఇన్నాళ్ళూ తాత చెప్పొద్దన్నాడని ఊరుకున్నాను. ఆ రోజు ఆటలో నా వెనక కాలు కీలు దగ్గర చీలింది. నొప్పి పంటి కింద బిగబట్టి పరిగెత్తుతున్నాను. తాత ఒక్కడే కనిపెట్టాడు. ఇంకొంచెంసేపు ఆడతాను, గెలుస్తామని ఏడ్చాను. 'గెలిస్తే ఈ ఏడు గడ్డి దొరుకుతుంది. కాలు పోతే నీకు ఎప్పటికీ పరుగుండదు. పక్కకి రా' అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఏ కాలు బలహీనమో పందులకి తెలిస్తే వచ్చే ఏడు దాని మీదే కొడతాయని. ఆ మాట దాచడానికి మీ అందరి చేతా మాటలు పడ్డాడు. ఇదిగో, ఇప్పుడు కాలు బాగయింది. వాళ్ళకి తెలిసినా నాకు భయం లేదు."

ముళ్ళకంప వేసిన పిల్లలు పెద్దల వెనక దాక్కున్నారు. వాళ్ళ తల్లులకి తలెత్తబుద్ధి కాలేదు.

కోటప్ప మైలయ్యవైపు తిరిగాడు. "ఈ మాట ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా, మైలయ్యా?"

"రాకపోయేది. కానీ వాళ్ళన్నదాంట్లో తప్పేముంది పెద్దయ్యా? ఓడాం కదా. దుర్గిని పిలవడంలో నేను తప్పు చేయలేదు. ఉడుముని దింపడంలో చేశాను. అక్కడ కొండగొర్రెని పెట్టాల్సింది. ముత్తెమ్మ గట్టు మీద నుంచి అరుస్తూనే ఉంది, నేనే వినలేదు."

"అలా ఒప్పుకో," అంది ముత్తెమ్మ. అంటూనే మొహం అటు తిప్పుకుని ముందుకాలితో కళ్ళు రుద్దుకుంది.

"మరి ఈ ఎండాకాలం మేత?" అని ఓ జింక తల్లి మెల్లగా అడిగింది.

"మెట్ట మీది తుప్పలే," అన్నాడు మైలయ్య. "కష్టమే. దాచి చెప్పను. కానీ నేనొచ్చినప్పుడు మీరు ఓటమికి అలవాటుపడి ఉన్నారు. ఇప్పుడు ఒక్క ఓటమికే నిద్ర పట్టనివాళ్ళయ్యారు. అలాంటి జట్టు లంకని ఎక్కువకాలం వదిలిపెట్టదు. నా అవసరం ఇక్కడ తీరింది. కొండవతల ఇంకా తీరలేదు."

కొత్త గురువుగా దుర్గి పేరు ఎవరో అన్నారు. ఎవరూ కాదనలేదు. మైలయ్య తన మెడలోని గంట విప్పమని అడిగి, ఆమె ముందు పెట్టించాడు. "నాకెందుకమ్మా ఇది? అక్కడ ఇంకోటి చూసుకుంటాను. వీళ్ళు ఈ చప్పుడికే లేస్తారు." అని కొండదారి పట్టాడు. జట్టంతా మెట్ట చివరి దాకా వెంట నడిచింది. ముత్తెమ్మ మాత్రం ఉన్నచోటు నుంచే, "మోకాళ్ళు జాగ్రత్త, దిగుడులో తొందరపడకు, ఎప్పుడూ తొందరే నీకు," అని ఆయన కనుమరుగయ్యేదాకా తిట్టింది.

ఇక మిగిలింది చెంగల్రాయుడు. అడవిలోంచి తరిమేద్దామన్నారు కొందరు. కోటప్ప వద్దన్నాడు.

"వీడి లోటల్లా మైదానం మొహం చూడకపోవడమే. రేపటినుంచి రోజూ రావాలి. బంతి ముళ్ళపొదలో పడినప్పుడల్లా తెచ్చివ్వాలి."

మరుసటి పొద్దున గంట మోగింది. చెంగల్రాయుడు ఆవలించుకుంటూ వచ్చాడు. ఆ రోజు నుంచి ముళ్ళపొదల్లోకి దూరడం, మూతి గీరుకోవడం, బంతి తెచ్చివ్వడం, ఇదే పని. మరుసటి ఏడు వానలు వెనకబట్టాక దుర్గి జట్టు పందుల మీద గెలిచి లంక తిరిగి తెచ్చుకున్న రోజు, వాడూ గట్టు మీద నిలబడి గొంతు పోయేలా అరిచాడు.

ఆ సాయంత్రం లంకలో చేరి, ఆ ఏడు పుట్టిన మేకపిల్లలు మైలయ్య కథలు వింటున్నాయి. జింకలు గెలిచిన ఆటలు చెప్పాయి. దుర్గి ఓడిన ఆట చెప్పింది. ముత్తెమ్మ ఆయన చేసిన తప్పులన్నీ ఏకరువు పెట్టి, మధ్యలో ఎవరో అవునవునంటే, "నువ్వు అనకు, నేనే అనాలి," అని కసిరింది. ఒక మేకపిల్ల చెంగల్రాయుడి దగ్గరికి పరిగెత్తుకెళ్ళింది.

"మావా, మైలయ్య తాత ఎలా నేర్పేవాడు?"

చెంగల్రాయుడు నోరు తెరిచాడు. అల్లడానికి మాటలు చాలానే ఉన్నాయి. పక్కనే ముత్తెమ్మ నెమరు ఆపి చూస్తోంది. వాడు మూతి మీది గీతలు నాక్కున్నాడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "ఆయన ఉన్నన్నాళ్ళూ నేను నిద్రపోయాను."

నీతి: వెళ్ళిపోయినవాడి విలువ గట్టు మీద నిలబడి చూసినవాళ్ళని అడగాలి గానీ, గట్టు ఎక్కనివాణ్ణి అడగకూడదు.