వీధి మొదట వేపమండ

"గొళ్ళెం వెయ్యవే చెల్లీ, గాలొస్తాదే..." ఆపై పాట గుర్తురాలేదు. బుట్టలల్లే పైడమ్మ పాట ఆపి అల్లిక పక్కన పెట్టింది. ఊళ్లో దొంగ తిరుగుతున్నాడు, మనవరాలేమో ఇంట్లో ఒంటరిది. ఫిర్యాదు చేస్తే, ఊరికావలి చూసే కొత్వాలు ఫలానావాళ్ల ఇల్లు దోచారని దండోరా వేయిస్తాడు. ఆ నామోషీకి జడిసి ఎవరూ నోరు మెదపరు. దొంగతనాలే లేవని ఆయన మీసం దువ్వుకుంటాడు.

బుట్టలమ్మేచోట ఎవరిల్లు దోచారో చెవిన పడ్డా, ఆ గుట్టు పొక్కనీయకుండా, పైడమ్మ దొంగ దూరిన ప్రతి వీధి మొదటా వేపమండ కట్టింది. మండ ఉంటే ఆ వీధిలో దొంగ పడ్డట్టేనని ఊరంతా తెలిసిపోయింది.

కొత్వాలు ఉరిమాడు. "ఎవరిల్లు దోచారో చెప్పవే."

"అమ్మవారు పోస్తే వీధికి మండ కడతాం బాబూ. ఏ బిడ్డకని అడుగుతామా? మన బిడ్డల్ని కాచుకుంటాం."

కొత్వాలు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సరే, ఇకమీదట వీధి పేరే చాటిస్తాను. మా వీధికీ ఒక మండ కట్టు. ఏ ఇల్లని మాత్రం అడక్కు."