మొదటి పరిచయంలో అమ్మకం మాట ఎత్తకూడదు

గోగులంకలో తెలివి ఎవరింట్లో ఉందంటే కొబ్బరికాయల తాతారావు ఇంట్లోనే ఉంది. ఈ మాట ఊరు అనలేదు, వాళ్ళే అనుకున్నారు. పెద్దకొడుకు భద్రాచలం, చిన్నకొడుకు అన్నవరం, పెద్దకోడలు సింహాచలం. ముగ్గురికీ క్షేత్రాల పేర్లే, గర్భగుళ్ళే ఖాళీ. రోజూ పొద్దున్నే అరుగు మీద చేరి, "ఇంత తెలివి మనతోనే పోతుందేమో, ఊరికి కాస్త పంచిపెడదామా?" అని దిగులుపడేవారు. ఆ దిగులుతో సింహాచలం చిక్కి సగమైపోయింది. సగమైనా గుమ్మంలో పట్టేది కాదనుకోండి, అది వేరే సంగతి.

చేతులు మాత్రం బంగారం. కొబ్బరి చిప్పకి సన్నసన్నగా చిల్లులు పొడిచి, లోపల బల్బు పెట్టి వెలిగించారంటే గోడ నిండా చేపలు ఈదేవి. మా పిల్లి ఆ చేపల కోసం దూకీ దూకీ ముక్కు చప్పిడి చేసుకుంది. నమ్మకపోతే వచ్చి చూడండి, ఇప్పటికీ అలాగే ఉంది. రోడ్డు మీద కొట్టు తెరిచి 'త్రిక్షేత్ర దీపాలు' అని బోర్డు కట్టారు. దారినపోయేవాళ్ళు చెప్పులు విడిచి బోర్డుకి దండం పెట్టుకునేవారే గానీ, లోపలికొచ్చి కొన్నవాడు లేడు.

తాతారావు ఓపిక పట్టి పట్టి ఓ రోజు కేకేశాడు. "ఒరేయ్, రాజమండ్రిలో ఎగ్జిబిషన్ పెడుతున్నారు. ఒక్క పెద్ద ఆర్డరు పట్టుకొచ్చారా, సరేసరి. లేదా, ఆ కొట్టు కోళ్ళ సూర్రావుకి అద్దెకిచ్చేస్తా. ముగ్గురూ నా గోడౌన్లో కూర్చుని కాయలొలుచుకోండి."

ఇంకేముంది, ముగ్గురికీ గుండెలు జారిపోయాయి. హైదరాబాదులో ఉన్న మేనత్త కొడుకు కామరాజుకి ఫోన్ చేశారు. ఆయన వ్యాపారంలో పైకొచ్చినవాడు కాదు, పైకి ఎలా రావాలో పాఠాలు చెప్పేవాడు.

"పరిచయాలే అసలు పెట్టుబడి బావా!" అన్నాడు కామరాజు. "మొదటి పరిచయంలో అమ్మకం మాట ఎత్తకూడదు. వాళ్ళ బాగోగులు అడగాలి. ఒకచోట అతుక్కుని కూర్చోకుండా జనంలో తిరగాలి. అడిగే ముందు మనం ఏదో ఒకటి ఇవ్వాలి. ఇద్దరికి పరిచయం కలిపితే ఆ మంచి మనకే తిరిగొస్తుంది."

ముగ్గురూ ఆ ముక్కలన్నీ నిద్రలో కూడా వల్లించారు. ఆ గోలకి వీధి వీధంతా జాగారం.

ఎగ్జిబిషన్లో దీపాలు సర్ది వెలిగించగానే అన్నవరానికి అనుమానం వచ్చింది. "అన్నయ్యా, ఇవి ఇలా కనపడుతుంటే ఎవరో ఒకరు ధర అడుగుతారు. అమ్మకం మాట వాళ్ళే ఎత్తేస్తే?"

"అమ్మో, కొంప మునుగుతుంది! కప్పెయ్యరా!"

అంతే. పెట్టెలోంచి సింహాచలం పట్టుచీర తీసి దీపాలన్నిటి మీదా కప్పేశారు.

ఓ పెద్దమనిషి ఆగాడు. "ఏం అమ్ముతున్నారు బాబూ?"

"మీ అల్లుడుగారు బాగున్నారాండీ?" అన్నాడు అన్నవరం.

"నాకు అల్లుడు లేడే."

"అయ్యయ్యో! ఎలా పోయాడండీ?"

ఆ పెద్దమనిషి పోలీసులు ఎక్కడుంటారని అడుగుతూ వెళ్ళిపోయాడు. "ఒక పరిచయం అయింది వదినా!" అని మురిసిపోయాడు అన్నవరం.

ఇక జనంలో తిరగాలి కదా. అన్నవరాన్ని స్టాల్లో ఉంచి మొగుడూ పెళ్ళాం బయల్దేరారు. ఓ చోట ఇంత పొడుగు లైను. వెళ్ళి నిలబడ్డారు. తీరా చూస్తే అది రక్తదానం శిబిరం.

"ఇక్కడ ఏదో ఇవ్వమంటున్నారే," అన్నాడు భద్రాచలం.

"ఇచ్చెయ్యండి మరి! అడిగే ముందు ఇవ్వాలన్నాడుగా కామరాజన్నయ్య!"

ఇచ్చాడు. నర్సమ్మ సూది తీసి, "అయిపోయింది, లేవండి," అంది.

"ఇంతేనా? మొహమాటపడకండమ్మా, ఇంకాస్త తీసుకోండి," అని రెండో చెయ్యి చాపి, ఆ చాపిన చెయ్యి చాపినట్టే కళ్ళు తిరిగి పడ్డాడు. సాయంత్రం దాకా మంచం దిగలేదు. సింహాచలం పక్కన కూర్చుని నర్సమ్మ బాగోగులు అడిగింది. నర్సమ్మకి ఓ అత్తగారుందిట. ఆ అత్తగారి కథ వింటూ లైనులో జనం లైనులోనే కూలబడి ఏడ్చారు. గోదావరి జానెడు పెరిగిందన్నారు ఆ పూట.

ఇక్కడ స్టాల్లో ఫ్యాను గాలికి పట్టుచీర కొంగు లేచింది. అప్పుడే రత్నప్రభ గారని, గోదావరి ఒడ్డున పెద్ద హోటల్ కడుతున్నావిడ అటుగా వెళుతూ ఆగిపోయింది.

"ఎంత బాగుంది బాబూ! చేపలు! నా హోటల్లో గదిగదికీ ఇదే కావాలి. ఎంతకిస్తావు?"

అన్నవరం రెండు చెవులూ మూసుకున్నాడు. "అమ్మగారూ, మీకు దణ్ణం పెడతాను, ఆ మాట ఎత్తకండి. మొదటి పరిచయం!"

"అయితే?"

"బాగోగులు మాట్లాడుకోవాలండి. మీకు మోకాళ్ళ నొప్పులున్నాయా?"

"లేవు. ఆ దీపాలు..."

"ముందు ముందు వస్తాయిలెండి, దిగులుపడకండి."

ఆవిడ పాపం మంచిమనిషి, నవ్వేసింది. "మరెప్పుడు అమ్ముతావు?"

"రెండోసారి కలిసినప్పుడండి."

"సరే, అలా గేటు దాకా వెళ్ళి ఇలా వస్తాను. రెండోసారి అవుతుందిగా?"

అన్నవరం తల అడ్డంగా ఊపాడు. "అది కలవడం కాదండి, తిరిగి రావడం. నాకామాత్రం తెలీదనుకున్నారా?"

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకుంటే వాడు అన్నవరం ఎందుకవుతాడు? పరిచయం కలపడం మిగిలిపోయింది కదా! ఎదురు స్టాల్లో గవ్వల దీపాలమ్మే గవర్రాజుని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు.

"అమ్మగారూ, ఈయనా దీపాలే చేస్తారండి. గవర్రాజు గారూ, ఈవిడకి హోటల్ నిండా దీపాలు కావాలిట. మీరిద్దరూ మాట్లాడుకోండి, నేనుంటే మీకు మొహమాటం," అని అవతలికెళ్ళి వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

గవర్రాజు ఒకసారి తన్ని తాను గిల్లి చూసుకున్నాడు. నిజమేనని తేలాక ఆర్డరు రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక తాతారావు అడిగాడు. "ఆర్డరేదిరా?"

"గవర్రాజుకొచ్చింది నాన్నా. పరిచయం మాది!"

తాతారావు కేకకి చెట్టు మీద కాయలు వాటంతటవే రాలాయి. కోసేవాడి కూలి మిగిలింది, అదొక్కటే ఆయనకొచ్చిన లాభం. మర్నాడే సూర్రావుకి కబురు పెట్టి, తను బజారుకెళ్ళాడు.

సూర్రావు వచ్చాడు. భద్రాచలం ఎదురెళ్ళి కుర్చీ వేశాడు.

"కొట్టు అద్దె ఎంతండీ?"

"ఛఛ, మొదటి పరిచయంలో అద్దె మాటేంటండీ! మీ కోళ్ళు కులాసానా?"

"కులాసానే. సాయంత్రం కోసేస్తాను."

"అయ్యో! ఆ సంగతి వాటికి చెప్పారా?"

సింహాచలం లోపల్నుంచి వెక్కివెక్కి ఏడ్చింది. సూర్రావు లేచి నిలబడ్డాడు. లేచినవాణ్ణి ఊరికే పోనిస్తారా? పక్కనే ఖాళీ కొట్టున్న కుట్టుమిషను వెంకాయమ్మకి పరిచయం కలిపారు. అంతే, సూర్రావు కోళ్ళ కొట్టు ఆ పక్క కొట్లోనే తెరిచాడు.

అలా వాళ్ళ కొట్టుని నిలబెట్టింది వాళ్ళ తెలివితక్కువతనమే. ఈ మాట వాళ్ళ దగ్గర అనకండి, ఇంకా గర్వపడతారు. తాతారావు మాత్రం, "ఇంకో అద్దెదారు దొరికేదాకానే మీ దీపాలు. ఆ తర్వాత కాయలే!" అని గడువు పెట్టాడు.

ఈలోగా హోటల్ తెరిచి, గదుల్లో గవ్వల దీపాలు వెలిగించారుట. వేడికి ఎండుచేపల కంపు! వచ్చినవాళ్ళు మంచం దిగకుండానే, "పులుసు ఎప్పుడు వడ్డిస్తారు?" అని అడిగారుట. ఇంకేముంది, రత్నప్రభ గారు కారేసుకుని గోగులంక వచ్చేసింది. ఆ వేళకి కొట్టు గుమ్మంలో తాతారావు ఉన్నాడు. కొట్టు దక్కేట్టుందని ఆయన కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"బాబూ, ఇది రెండోసారి!" అంది ఆవిడ, చేతిలో చెక్కు ఊపుతూ. "ఇప్పుడైనా అమ్ముతారా?"

భద్రాచలం ఆవిణ్ణి కిందా మీదా చూశాడు. "రెండోసారి మా తమ్ముడికండి. ఆ వేళ నేను నెత్తురిచ్చి పడున్నాను. మీకూ నాకూ ఇదే మొదటిసారి. కూర్చోండి. నాన్నగారు కులాసానా?"

"నాకూ మొదటిసారేనండి," అంది సింహాచలం, సిగ్గుపడుతూ.

"ఆ తమ్ముణ్ణే పిలవండి మరి!"

"వాడు లేడండి. రెండోసారి కలవడానికి దీపాలన్నీ కట్టుకుని మీ హోటల్ కే వెళ్ళాడు."

తాతారావు అన్నవరానికి ఫోన్ కలిపాడు. "ఒరేయ్, అక్కడ ఎవరుంటే వాళ్ళకి ఇచ్చెయ్యరా!"

"ఎలా ఇస్తాను నాన్నా?" అన్నాడు అన్నవరం. "ఇక్కడ మేనేజరుగారు కొంటానని నా కాళ్ళు పట్టుకుంటున్నాడు. ఆయన్ని చూడ్డం నేను ఇదే మొదటిసారి!"

తాతారావు గోడకి జారబడ్డాడు. భద్రాచలం ఆవిడ వైపు తిరిగి, ఎంతో ఆదరంగా, "ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో వెళతారా అమ్మగారూ? రండి, మా సూర్రావు గారిని పరిచయం చేస్తాను," అని పక్క కొట్టుకి నడిపించాడు.

కాస్సేపటికి చంకలెగరేసుకుంటూ తిరిగొచ్చాడు.

"నాన్నా, లే! హోటల్ కి రోజూ కోళ్ళు సూర్రావే వేస్తాడుట. రోజుకిన్నని కుదిరింది. ఆ కొట్టు చాలదని, మనదీ అద్దెకి కావాలంటున్నాడు. చూశావా, పరిచయం కలిపితే మంచి మనకే తిరిగొస్తుందని కామరాజు ఊరికే అన్నాడా!"