మూడో ట్యాంకు

అనగనగా... మరీ రాజుల కాలం కాదులే, మొన్నమొన్నటి కాలమే. రోడ్డుకి అటు లారీ షెడ్లు, ఇటు టైర్ల కొట్లు ఉన్న ఒక ఊళ్ళో గోవర్ధనం అని ఒక మెకానిక్ ఉండేవాడు. ఇంటి ముందే అతని షెడ్డు. చప్పుడు విని బండికేం రోగమో చెప్పేసేవాడు, అంత పనిమంతుడు. పని ఎంత వచ్చో గర్వమూ అంతే ఉండేది. ఊఁ కొట్టు మరి, గోడవైపు తిరిగి పడుకుంటే నేనెవరికి చెప్పను?

ఆయనకి ఒక్కతే కూతురు, నీలవేణి. పన్నెండేళ్ళది. ఆ పిల్లకి నాన్నంటే ప్రాణం. కానీ నాన్నకి తీరికేదీ? ఎప్పుడు చూసినా తల బండి కిందే ఉండేది. పిల్ల పాపం ఆయన కాళ్ళతోనే మాట్లాడుకునేది.

ఒక పుట్టినరోజుకి మేనమామ విశ్వం వైజాగు నుంచి ఆ పిల్లకి కారు తెచ్చాడు. మూరెడు కారు, చేతిలో రిమోటు. బ్యాటరీ బొమ్మ కాదమ్మా, లోపల నిమ్మకాయంత నిజం ఇంజను ఉంది! నైట్రో అనే ఘాటైన సరుకు కలిపిన ఆయిల్ తాగి నడుస్తుంది. ఆ ఆయిల్లో ఆముదం కూడా ఉంటుందిట. దాని పొగ పీలిస్తే అచ్చం నా తల వాసనే అనుకో.

విశ్వం మేనకోడల్ని కూర్చోబెట్టి అన్నీ నేర్పాడు. ముందు ప్లగ్గు వేడెక్కించాలి. ఆ తర్వాత ఇంజను అంటుకోవడానికి దాని తాడు పొట్టి పొట్టిగా లాగాలి, ఒక్కసారే గుంజకూడదు.

"కొత్త ఇంజను పసిబిడ్డ లాంటిది వేణీ. మొదటి మూడు ట్యాంకులూ నిదానంగా తాగించాలి. ఒక్కోటి అయ్యాక చల్లారనివ్వాలి. ఆ మూడూ అయ్యేదాకా పరుగు పెట్టించకు. ఈ డబ్బాలో ఆయిల్ తప్ప ఇంకేదీ పొయ్యకు," అన్నాడు. మూడు వేళ్ళు చూపించి మరీ చెప్పి ఊరెళ్ళిపోయాడు.

అప్పుడు నీలవేణి షెడ్డులోకి పరిగెత్తింది. "నాన్నా, మొదటి ట్యాంకు పోస్తున్నా, రావూ?" అంది. "పని మీదున్నా," అన్నాయి కాళ్ళు. పిల్ల ఒక్కతే పోసుకుంది. కారు నిలబడ్డచోటే గురగురమంటూ ఆ ట్యాంకు తాగేసింది.

ఆ తర్వాత రెండోది. "రావూ నాన్నా?" "రేపు చూద్దాం." రెండో ట్యాంకుకి కారు పెరట్లో మనిషి నడిచినంత మెల్లగా నడిచింది. పిల్ల దాని వెనకే నడిచింది.

ఇక మూడోది మిగిలింది. ఈసారి నీలవేణి బండి కిందకే దూరి, నాన్న పక్కన ఆ మడ్డి మరకల్లో పడుకుని అడిగింది. ఆయనకి నవ్వొచ్చింది. "సరే, ఆదివారం నేనే దగ్గరుండి పోయిస్తా. ఒట్టు," అన్నాడు. పిల్ల మురిసిపోయింది. కారుని శుభ్రంగా తుడిచిపెట్టి, ఆయిల్ డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

ఆదివారం రానే వచ్చింది. పదకొండుకల్లా వచ్చేస్తానని చెప్పి నీలవేణి ట్యూషన్‌కి వెళ్ళింది. పదింటికి పక్క షెడ్ల వాళ్ళు టీ తాగడానికి చేరారు. వాళ్ళలో మస్తాన్ అనే మెకానిక్, "ఏంటన్నా, మీ పాప కారు నత్తలాగా నడుస్తుందంటగా?" అన్నాడు. అందరూ నవ్వారు. గోవర్ధనానికి చురుక్కుమంది.

గబగబా కారు తెచ్చి కింద పెట్టాడు. ట్యాంకు అడుగున కాస్తే ఉంది. "దీని ఆయిల్ ఏదే?" అని భార్యని అడిగాడు. "పిల్ల తాళం వేసుకుంది. వచ్చేదాకా ఆగండి," అందావిడ.

ఆగితే పరువు ఏమైపోవాలి? ఇక్కడే ఉంది అసలు సంగతి. ఆ వీధిలో పెట్రోలునీ ఆయిలే అంటారు, డీజిలునీ ఆయిలే అంటారు. ఆయిల్ కొట్టించానంటే పెట్రోలు పోయించానని అర్థం. "ఏ ఆయిలైతే ఏంటి," అనుకుని గోవర్ధనం తన బండి పైపు ఊడదీసి, ఆ చిట్టి ట్యాంకు నిండా పెట్రోలు పోశాడు. ఒకసారి తాడు లాగాడు, లేదు. రెండోసారి లాగాడు, లేదు. మూడోసారికి అంటుకుంది. అప్పుడు రిమోటు మీట ఆఖరుదాకా నొక్కేశాడు. కారు కీచుమంటూ రెండు చుట్లు తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో చుట్టులో టక్కుమని ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు.

అప్పుడే గేటు తీసుకుని నీలవేణి వచ్చింది. పొగ వాసన చూసింది. ఎప్పుడూ వచ్చే ఆముదం వాసన కాదది.

గోవర్ధనం మరలు విప్పి ఇంజను తెరిచాడు. ఆముదం జిడ్డు లేక రాసుకుపోయి, పిస్టను నిండా గీతలే. ముప్పై ఏళ్ళ అనుభవమున్న మెకానిక్కి ఇంకొకరు చెప్పాలా? కొత్త బండి తెచ్చిన ప్రతివాడికీ, "ఐదొందల కిలోమీటర్లు తిరిగేదాకా నలభై దాటించకయ్యా," అని చెప్పే మనిషేగా! చూడగానే తన తప్పేనని ఆయనకి తెలిసింది. తెలిసిందని పిల్లకీ తెలిసింది.

నీలవేణి అలాగే నిలబడింది. కారు పోతే పోయింది, ఆ ఒక్కమాట నాన్న నోటితో అంటే చాలనుకుంది.

ఆయన చేతులు తుడుచుకుని, పిల్లవైపు కాదు, ఆ టీ తాగేవాళ్ళ వైపు తిరిగాడు. "నాసిరకం సరుకు. మా బామ్మర్ది మోసపోయాడు," అన్నాడు.

ఇప్పుడు చెప్తున్నా నాకు ఒళ్ళు మండుతుందమ్మా.

ఆ తర్వాత ఆయన జాంగ్రీలు తెచ్చాడు. పిల్ల తింది. బ్యాటరీ కారు తెచ్చాడు. పిల్ల తీసుకుని అటక మీద, ఆ పాత కారు పక్కన పెట్టింది. కొత్త సైకిలు తెచ్చాడు. తొక్కింది. అన్నీ తెచ్చాడు గానీ "తప్పు నాదే తల్లీ" అన్న మాట మాత్రం తేలేకపోయాడు. నీలవేణి అలగలేదు, అన్నం మానలేదు, ఏడవలేదు. "నాన్నా, రావూ?" అని పిలవడం ఒక్కటే మానేసింది.

ఏళ్ళు గడిచాయి. నీలవేణి ఉద్యోగంలో చేరి స్కూటీ కొనుక్కుంది. ఐదొందల కిలోమీటర్లు నలభై దాటకుండా నడిపింది. అప్పుడు మొదటి సర్వీసింగు వచ్చింది. ఆ పొద్దున ఇంటి గేటు దగ్గర స్కూటీ చప్పుడు వినగానే గోవర్ధనం బండి కింద నుంచి లేచాడు. చేతులు తుడుచుకున్నాడు. స్టూలు మీద దుమ్ము దులిపాడు, కూతురు కూర్చుంటుందని.

స్కూటీ ఆయన ముందు నుంచే మెల్లగా వెళ్ళి, అటుపక్క మూడో షెడ్డు దగ్గర ఆగింది. "మస్తాన్ బాబాయ్, ఆయిల్ మార్చాలి," అంది నీలవేణి.

ఏంటీ? ఇప్పుడైనా చెప్పొచ్చుగా అంటావా? చెప్పొచ్చు తల్లీ, ఎవరు వద్దన్నారు? రోజూ గుమ్మందాకా వస్తాడు. నోరు పెగలదు, మళ్ళీ బండి కిందకి దూరతాడు. పడుకో ఇంక.

బొమ్మకారు అటకకి,
స్కూటీ పరాయి షెడ్డుకి,
అనని మాట గొంతుకి,
కథేమో కంచికి, మనమేమో నిద్దరికి.