గాదె సీమ పాట

పాటైతే వచ్చు. పేరుకు అర్థం విడమరిచి చెప్పమంటే ఏం చెప్పాలో ఖాదరుకు తోచలేదు.

వాళ్ళ ప్రాంతాన్ని లోకమంతా గాదె సీమ అంటుంది. నాలుగు తరాల కిందట ఎవరో పాదుషా ఆ దారిన పోతూ, విరగపండిన జొన్న చేలు చూసి "ఇది నా గాదె" అన్నాడట. ఆ మాట అట్లాగే నిలిచిపోయింది. పెళ్ళిళ్ళలో అదే, ఉరుసుల్లో అదే. ఖాదరు దాన్ని పాట కట్టి, డప్పు పట్టుకుని ఊరూరా పాడాడు. "తవ్విన చోటల్లా జొన్నల పాతరే" అని గొంతెత్తాడంటే ముసలాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు.

ఇప్పుడు మూడో ఏడు వాన లేదు.

పాదుషా కొలువు నుంచి దివాను వస్తున్నాడు. సీమ ఎన్ని బళ్ళ గింజలు పంపగలదో తేల్చి పోతాడు. ఊళ్ళో సర్కారు ఠాణా కొట్లో మిగిలిన జొన్నలే ఇక అందరి ప్రాణాలూను. అవి పోతే గంజి కూడా లేదు. ఆ ఠాణా అధికారి ఠాణేదారుకు మాత్రం దివాను మెప్పు కావాలి. అందుకని ఖాదరుకు కబురు పెట్టాడు, రేపు పొద్దున ఊరి వాకిట పాట పాడాలని, పేరుకు అర్థం కూడా చెప్పాలని.

ఇంతమందిలో తననే పిలిచారని ఖాదరు పొంగిపోయాడు. ఊరి బయట దర్గాలో ఉండే తన గురువు లాలెసాహెబు దగ్గరికి పరుగెత్తాడు.

"బాబా, దివానుగారి ముందు పాడబోతున్నా. గాదె సీమ అంటే అసలు అర్థం ఏంది? మంచి మాట ఒకటి చెప్పండి."

లాలెసాహెబు గంజి కలుపుతున్నాడు. తలెత్తలేదు.

"ఆ పాదుషా నా గాదె అన్నాడా, మీ గాదె అన్నాడా?"

"నాది అనే అన్నాడు బాబా."

"ఊఁ," అని ఆయన గంజి కలుపుకుంటూ ఉండిపోయాడు.

అంతలో పక్క పల్లె ఓబులేసు రొప్పుకుంటూ వచ్చి పడ్డాడు. "బాబా, మా తమ్ముడు గంగన్న పాతరలోకి దిగి ఇంక పలకలేదు!"

పాతరంటే నేలలో లోతుగా తవ్వి, గింజలు పోసి, పైన మన్ను కప్పేసిన గొయ్యి. ఏళ్ళ తరబడి మూసి ఉంటే లోపల గాలి చెడుతుంది. అందుకని తెరిచిన వెంటనే తాడుకు దీపం కట్టి దించుతారు. దీపం ఆరితే మనిషి దిగడు. ఇది అక్కడ తెలియని వాళ్ళు లేరు.

"దీపం దించలేదా?" అన్నాడు ఖాదరు, ముగ్గురూ నడుస్తూ ఉండగా.

"చమురు యాడుంది ఖాదరయ్యా? ఉంటే తాగేసి ఉందుము."

వాళ్ళు పోయేసరికి గంగన్నను పైకి లాగి పడుకోబెట్టారు. ప్రాణం ఎప్పుడో పోయింది. భార్య నాగులమ్మ పక్కన కూర్చుని ఉంది. కంట్లో చుక్క నీళ్ళు లేవు. ఖాదరును చూసింది.

"వచ్చినావా పాటలాయనా? అక్కడ పాతర ఉందో లేదో, ఊరికే తవ్వి సావబాకు అని నెత్తీ నోరూ కొట్టుకున్నా. తవ్విన చోటల్లా పాతరే, ఖాదరయ్య నోట అబద్ధం రాదే అన్నాడు. రాలేదులే. దొరికింది, చూడు."

గంగన్న గుప్పిలి బిగించి ఉంది. లాలెసాహెబు పక్కన కూర్చుని ఒక్కొక్క వేలే తెరిచాడు. లోపల నల్లగా కుళ్ళిన జొన్నలు, గుప్పెడు కూడా లేవు. ఆయన నాగులమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

ఆ గింజలు తీసి ఖాదరు చేతిలో పోశాడు.

"రేపు ఇవి నోట్లో పెట్టుకుని పాడు."

"బాబా..."

"అర్థం అడిగితివి కదా."

పొద్దున ఊరి వాకిట జనం కూడారు. ఠాణేదారు మీసం దువ్వుకుంటూ, "ఏం ఖాదరూ, ఈ దినం నీ పాటకు దివానుగారు గుర్రం దిగాల," అన్నాడు.

ఖాదరు గింజలు నోట్లో పోసుకున్నాడు. మన్ను, బూజు, చేదు. డప్పు మీద రెండు దెబ్బలు వేశాడు. గొంతు లేవలేదు.

దివాను నవ్వాడు. "గాదె సీమ వాళ్ళు పాడేటప్పుడు కూడా నమలడం మానరన్నమాట!"

ఆయన వెంట వచ్చిన వాళ్ళంతా నవ్వారు. ఊరి వాళ్ళెవరూ నవ్వలేదు.

"పాడరా," అని ఠాణేదారు పళ్ళు కొరికాడు. మూడుసార్లు అన్నాడు. ఖాదరు పాడలేదు.

"పోనీ ఆ పేరుకు అర్థమైనా చెప్పు," అన్నాడు దివాను.

ఖాదరు గింజలు అరచేతిలోకి ఉమ్మి, ఆ చెయ్యి చాచాడు. దివాను ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

"కుళ్ళిన గింజలు ఏ గాదెలోనైనా ఉంటాయి. గాదె సీమలో జొన్నలు లేవంటే పాదుషా నమ్ముతాడా? అరవై బళ్ళు కట్టించండి."

ఖాదరుకు ఇరవై కొరడా దెబ్బలు పడ్డాయి. కడపటి దెబ్బ పడేసరికి ఠాణా కొట్టు ముందు బళ్ళు కదిలాయి. అవి ఊరు దాటేదాకా ఇరుసుల కిర్రు చప్పుడు ఒక్కటే వినిపించింది.

సాయంత్రం దర్గా అరుగు మీద ఖాదరు బోర్లా పడుకున్నాడు. లాలెసాహెబు తడిగుడ్డతో వీపు తుడుస్తున్నాడు.

"నేను పాడలేదు బాబా. అయినా బళ్ళు పోయినాయి."

ముసలాయన గుడ్డ పిండాడు. నీళ్ళు ఎర్రగా కారాయి.

"నీ పాట తోడు లేకుండా పోయినాయి నాయనా," అన్నాడు.