బుర్రా వారింట షవరుకి గాలి పట్టింది

ఉప్పుగుంటలో ఎవరికి బుర్ర ఉందని అడిగితే ఊరంతా చెయ్యెత్తి ఒకే ఇల్లు చూపిస్తుంది. ఎందుకంటే ఆ ఇంటిపేరే బుర్రా. ఇంటి పెద్ద బుర్రా వీరరాఘవులు, తమ్ముడు బుర్రా గంగరాజు, రాఘవులు భార్య బుర్రా మాణిక్యం.

"మిగతావాళ్ళకి లోపల ఉందో లేదో ఎవరు చూడొచ్చారు? మనకి రేషను కార్డు మీదే రాసుంది" అనేవాడు రాఘవులు, మీసం సవరించుకుంటూ.

నిజమే కదా. ఈ కథ చెప్పేవాడి కార్డు మీద అలాంటిదేమీ లేదు. అందుకే ఆ ఇంటి ముందునుంచి వెళ్ళేటప్పుడు కాస్త తల వంచుకునే వెళ్తాడు.

వాళ్ళకి ఇంకో గొప్ప కూడా ఉంది. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. అక్షరం ఎక్కువుండదు, తక్కువుండదు.

అలాంటి రాఘవులుకి ఒక చిక్కొచ్చి పడింది. కూతురు పుష్పలతకి ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని ఆయన అప్పుడే ఉయ్యాల కూడా కట్టేశాడు. కానీ వియ్యపురాలు అనసూయమ్మ ఒప్పుకుంటేగా!

"అన్నయ్యగారూ, బాలింతకి వేడినీళ్ళు దండిగా ఉండాలి. మా వదినగారు పొయ్యి మీద కాచి, బిందెలతో మోసి, నడుం పట్టేసి మంచమెక్కితే పిల్లనెవరు చూస్తారు? శుక్రవారం పుష్పని తీసుకొస్తాను. మీ ఇంట్లో వేడినీళ్ళు ధారగా పడితే వదిలేసి వెళ్తాను. లేదా, వచ్చిన బస్సుకే వెనక్కి తీసుకుపోతాను. ఏమీ అనుకోకండి" అంది.

రాఘవులుకి అన్నం సయించలేదు. మనవడో మనవరాలో, తొలి ఏడుపు తన ఇంట్లో వినపడకపోతే ఇంకెందుకీ ఇల్లు? అంతే, పట్నం పోయి, నీళ్ళని తనలోనే వేడిచేసి వదిలే కరెంటు షవరు కొనుక్కొచ్చాడు. మెకానిక్కు పాషా వచ్చి బిగించి, ఇంకెక్కడో పని ఉందని బండెక్కి పోయాడు.

గురువారం పొద్దున్న ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడి షవరు తిప్పారు. అది ఒకసారి దగ్గింది. ఒకసారి తుమ్మింది. ఆ తర్వాత జలుబు చేసిన ముక్కులాగా బొట్టూ బొట్టూ కార్చింది. వేడి లేదు, దాని మీది ఎర్ర లైటూ వెలగలేదు.

"కొత్త చోటు కదన్నయ్యా, సిగ్గుపడుతోంది" అన్నాడు గంగరాజు.

పాపం అని ముగ్గురూ బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి కాసేపు ఆగారు. సిగ్గు తగ్గలేదు. రాఘవులు పాషాకి ఫోను కొట్టాడు.

"నీళ్ళు ధాటిగా పడకపోతే ఆ మిషను వేడెక్కదండీ" అన్నాడు పాషా, ఎక్కడో సుత్తి దెబ్బల మధ్యనుంచి. "ప్రెషరు లేదన్నమాట. పైపులో గాలి పట్టుంటుంది. ఇంట్లో కుళాయిలన్నీ తిప్పి వదిలెయ్యండి. గాలి అదే పోద్ది."

మాణిక్యం గుండెల మీద చెయ్యేసుకుంది.

"గాలి పట్టిందా! నేను అనుకుంటూనే ఉన్నానండీ. తెల్లగా నిగనిగలాడుతోందా, పక్కింటి పేరమ్మ వచ్చి చూసి 'అబ్బో' అంది. ఆ అబ్బోతోనే పట్టేసుంటుంది."

"విరుగుడు కూడా చెప్పాడుగా వదినా. కుళాయిలు తిప్పాలి. తిప్పి వదిలెయ్యాలి."

"ఉప్పు తిప్పుతారు, ఎండుమిరపకాయలు తిప్పుతారు. కుళాయిలు తిప్పడం ఎక్కడా వినలేదే!"

"మనిషికి పడితే మిరపకాయలు. షవరుకి పడితే కుళాయిలు. దేని మందు దానిది."

ఇంకేముంది! గంగరాజు పానా అందుకున్నాడు. వంటింటి కుళాయి, పెరటి కుళాయి, చేతులు కడుక్కునే కుళాయి, అన్నీ గోడల్లోంచి ఊడబీకాడు. మాణిక్యం వాటిని చేటలో పోసి, షవరు ముందు మూడుసార్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, పేరమ్మ దిష్టి, థూ థూ" అని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళి పంటకాలవలో వదిలేసి వచ్చింది.

వచ్చేసరికి గడప దాటి నీళ్ళు ఎదురొచ్చాయి. గోడ గోడకీ ఏనుగు తొండంలాగా ధార!

"వదిలిందండీ గాలి! ఏ గోడ చూసినా నీళ్ళే!" అని మాణిక్యం గెంతులేసింది.

"గోడలకి వదిలిందే, షవరుకి వదల్లేదే!" అని స్నానాల గదిలోంచి రాఘవులు మొత్తుకున్నాడు.

ఈలోగా వంటింట్లో పీటలు పడవల్లాగా తేలుతున్నాయి. గంగరాజుకి కూరల బుట్టలో గుత్తి వంకాయలు కనపడ్డాయి. ఒక్కో కన్నంలో ఒక్కో వంకాయ దిగ్గొట్టాడు. కొలిచి చేయించినట్టు సరిపోయాయి. తొడిమలు మాత్రం బయటికుంచాడు, కావాలంటే పట్టుకు తిప్పడానికి.

మళ్ళీ ఫోను.

"గాలి పోయిందా అండీ?" అన్నాడు పాషా.

"గోడల్లోంచి పోయిందయ్యా. షవరుదే పోలేదు."

"అయితే హెడ్డుకి ఉప్పు పట్టుంటుంది. మీ ఊరివి ఉప్పునీళ్ళు కదండీ. హెడ్డు విప్పి నిమ్మరసంలో నానబెట్టండి. కన్నాలు పూడుకుపోయుంటాయి, పిన్నీసుతో పొడవండి. సరిపోద్ది."

"హెడ్డంటే ఏమిట్రా?" అన్నాడు రాఘవులు ఫోను పెట్టేసి.

గంగరాజు ఏడో తరగతి గుమ్మం దాకా వెళ్ళొచ్చినవాడు. "హెడ్డంటే తలన్నయ్యా."

"ఎవరి తల?"

"బడికి హెడ్డు హెడ్మాస్టారు. మరి ఇంటికి హెడ్డు ఎవరు? నువ్వే."

"నా తలకి ఉప్పు పట్టడమేమిట్రా?"

మాణిక్యం మొగుడి నుదుటి మీద వేలితో రాసి, నాలిక్కి తగిలించుకు చూసింది. పొద్దుటినుంచీ పడ్డ హైరానాకి ఆయన చెమటతో తడిసి ఉన్నాడు.

"ఆయ్, ఉప్పగానే ఉందండీ!" అంది.

ఇంక అనుమానమెందుకు? తలగుడ్డ విప్పారు. చెట్టున ఉన్న నిమ్మకాయలన్నీ కోసి బేసిన్లోకి పిండారు. రాఘవులు వెల్లకిలా పడుకుని తల అందులో పెట్టాడు.

"గంగరాజూ, కళ్ళు మండుతున్నాయిరా!"

"ఉప్పు కరుగుతోందన్నయ్యా. ఓర్చుకో."

ఓర్చుకున్నాడు. మనవడి కోసం తాతలు ఏమేం చెయ్యరు? సాయంత్రం దాకా నానాడు. తర్వాత కన్నాల వంతు వచ్చింది. మాణిక్యం ఆయన తలంతా వెతికి, చెవుల దగ్గర ఆగిపోయింది.

"గంగరాజూ! చిన్నప్పుడు మా అత్తగారు ఈయనకి చెవులు కుట్టించారట. చూడు, రెండు కన్నాలూ పూడుకుపోయాయి!"

"ఫోనులోంచే ఎలా కనిపెట్టాడు వదినా ఆ పాషా!"

అంతే, పిన్నీసు పెట్టి పొడిచారు. రాఘవులు పెట్టిన కేకకి కాలవ గట్టు మీద గేదెలు తాడు తెంచుకున్నాయి. షవరు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

శుక్రవారం తెల్లవారింది. వియ్యపురాలు వచ్చే రోజు. రాఘవులు మళ్ళీ ఫోను పట్టుకున్నాడు.

పాషా విసుక్కున్నాడు. "అయితే ట్యాంకు ఎత్తు చాలట్లేదేమోనండీ. ట్యాంకన్నా పైకెత్తాలి, షవరన్నా కిందికి దించాలి. ఎంత దించితే అంత ఫోర్సు. మెయిను ఆపకుండా మాత్రం చెయ్యి పెట్టకండి, ప్రాణం మీదికొస్తుంది. మధ్యాన్నం నేనే వస్తున్నాను, ఈలోగా..." ఫోను తెగిపోయింది.

"మెయినంటే మెయిన్రోడ్డే కదండీ" అంది మాణిక్యం. "మీరు దించండి. నేను ఆపుతాను." చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చీపురు పట్టుకుని బయల్దేరింది.

అన్నదమ్ములు చెవులు రిక్కించి కూర్చున్నారు. కాసేపటికి రోడ్డు మీదనుంచి హారన్లు ఒకటే మోత.

"మెయిను ఆగిందన్నయ్యా! ఇంక పట్టు."

షవరు ఊడదీసి ఛాతీ దాకా దించారు. వైరు పొడుగు చాలక ప్లగ్గు దానంతటదే ఊడొచ్చింది. ఇలాంటి ఇళ్ళకి దేవుడు వేరే కాపలా పెడతాడు మరి. మోకాలి దాకా దించారు. నేల దాకా దించారు.

"ఎంత దించితే అంత ఫోర్సన్నాడు. ఇప్పుడు నేల అడ్డమొచ్చిందిరా!"

"నేలదేముందన్నయ్యా, తవ్వితే పోతుంది."

గునపం పడింది. గచ్చు లేచింది. గొయ్యి నడుం లోతైంది. రాఘవులు అందులో దిగి షవరుని పసిబిడ్డలాగా ఒళ్ళోకి తీసుకున్నాడు. టప్పున పైపు విడిపోయింది. చన్నీళ్ళు సన్నసన్నగా గోతిలోకి చేరడం మొదలుపెట్టాయి.

అక్కడ మెయిన్రోడ్డు మీద మాణిక్యం చీపురు అడ్డంగా పెట్టి బస్సు ముందు నిలబడి ఉంది.

"ఎక్కుతావా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"ఎక్కను బాబూ. ఆపుతున్నాను."

"ఎందుకూ?"

"మా ఇంట్లో షవరు దించుతున్నారు."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఇంతలో కిటికీలోంచి ఒక తల బయటికొచ్చింది. "వదినగారూ! మాకు ఎదురొచ్చారా?" అంది అనసూయమ్మ. పక్కన పుష్పలత నెత్తి కొట్టుకుంటోంది.

ఇంటికొచ్చారు. అనసూయమ్మ వంటిల్లు చూసింది.

"గోడలకి వంకాయలు కాశాయేమిటి వదినగారూ?"

"కుళాయిలండీ."

ఆవిడ ఇంకేమీ అడక్కుండా స్నానాల గదిలోకి తొంగిచూసింది. గోతిలో నడుం లోతు నీళ్ళల్లో వియ్యంకుడు. చెవులు వాచి గారెల్లాగా ఉన్నాయి. ఒళ్ళంతా నిమ్మకాయ పచ్చడి వాసన.

"అన్నయ్యగారూ, వేడినీళ్ళేవీ?"

రాఘవులు ఒళ్ళో ఉన్న షవరుని ఎత్తి చూపించాడు.

"పదవే పుష్పా. బస్సు ఇంకా కదిలినట్టు లేదు" అని అనసూయమ్మ వెనక్కి తిరిగింది.

ఆ మాటతో రాఘవులు గోతిలో నిలబడే భోరుమన్నాడు. "చెల్లెమ్మా! వాడు చెప్పినట్టే చేశానమ్మా! తల నానబెట్టమంటే నానబెట్టాను. కన్నాలు పొడవమంటే పొడిపించుకున్నాను. నా మనవడు నా ఇంట్లో పుడతాడని కదమ్మా!" కళ్ళల్లోంచి నీళ్ళు బుగ్గల మీదుగా జారి గోతిలో పడుతున్నాయి.

గంగరాజు ఎగిరి గంతేశాడు. "వచ్చిందన్నయ్యా ధార! హెడ్డులోంచే వచ్చింది! అక్కయ్యగారూ, వెళ్ళకండి! వేలు పెట్టి చూడండి, వేడిగానే ఉన్నాయి!"

అనసూయమ్మ చూసింది. నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పొట్ట పట్టుకుని, గుమ్మంలోనే చతికిలబడింది. నవ్వీ నవ్వీ ఆవిడకీ కళ్ళనీళ్ళు తిరిగాయి.

"సరేలెండి. వేడినీళ్ళు ధారగా పడితే వదిలేస్తానన్నాను. పడ్డాయి. మాటంటే మాటే" అంది.

మధ్యాన్నం పాషా వచ్చాడు. మేడెక్కి సిమెంటు ట్యాంకు దగ్గర వంగి, స్నానాల గది పైపుకున్న వాల్వు చూసి నాలిక్కరుచుకున్నాడు. బిగించిన రోజు తనే సగం మూసి మర్చిపోయాడు. గుట్టుచప్పుడు కాకుండా తెరిచాడు. గొయ్యి పూడ్చాడు, వంకాయలు పీకి కొత్త కుళాయిలు పెట్టాడు, షవరు మళ్ళీ పైకి బిగించాడు. ఇంకేముంది, వేడినీళ్ళు వడగళ్ళ వానలాగా దబదబా పడ్డాయి.

అనసూయమ్మ తృప్తిగా బస్సెక్కింది. ఎక్కేముందు రాఘవులు చేతులు పట్టుకుని ఒక్కటే మాట చెప్పింది. "అన్నయ్యగారూ, పిల్లని జాగ్రత్తగా చూసుకోండి. కాలు కింద పెట్టనివ్వకండి."

"మీరు చెప్పాలా చెల్లెమ్మా! అక్షరం తప్పం" అన్నాడు రాఘవులు.

తప్పలేదు. ఆవిడ బస్సు మలుపు తిరిగీ తిరగకముందే అన్నదమ్ములిద్దరూ పుష్పలతని కుర్చీతో సహా ఎత్తి మేడ మీదికి చేర్చేశారు. కింద కాలు పెట్టకూడదంటే పైన పెట్టాలి కదా. మరి స్నానం? దానిదేముంది, షవరు కూడా పైకి తెచ్చేశారు. మేడ మీద ఇంకెక్కడా చోటు నచ్చక, ఒక వాసం పాతి ట్యాంకుకన్నా నిలువెత్తు పైన కట్టారు. తిప్పారు. చుక్క లేదు.

"పాషా! మళ్ళీ ప్రెషరు పోయిందయ్యా! ట్యాంకు మీద బ్రహ్మాండంగా కట్టాం, అయినా రావట్లేదు."

"ట్యాంకు మీదా? రాఘవులుగారూ, నీళ్ళు అంత పైకి ఎలా ఎక్కుతాయండీ బాబూ!"

రాఘవులు నుదురు కొట్టుకున్నాడు. "అవును సుమా! పాపం, ఎలా ఎక్కుతాయి? మనకీ తట్టలేదు చూడు. గంగరాజూ, నిచ్చెన పట్రా!"

నిచ్చెన తెచ్చి ట్యాంకులోకి దించారు. ఒక కొస అడుగున ఆనింది, రెండో కొస షవరు దాకా చేరింది. ఇద్దరూ నీళ్ళు మొహమాటపడకుండా పక్కకి తప్పుకుని కూర్చున్నారు. ఈలోగా మాణిక్యం కూతురి స్నానానికి కింద పొయ్యి మీద నీళ్ళు కాచి, బిందె చంకనేసుకుని మెట్లెక్కి పైకి తెస్తూనే ఉంది.

"నాన్నా, ఎక్కుతున్నాయా?" అంది పుష్పలత కుర్చీలోంచి. ఎంతైనా ఆ పిల్లా పుట్టింది ఆ ఇంట్లోనే.

రాఘవులు ట్యాంకులోకి తొంగిచూసి, నీళ్ళల్లో మునిగిన నిచ్చెన మెట్లు లెక్కపెట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అప్పుడే మూడు మెట్లు ఎక్కేశాయమ్మా!"